రాయి వద్దన్న మనిషి

మా ఇంటామె ఆషాఢంలో పోయింది. ప్రొద్దుటూరులో, మా ఇంట్లోనే, మధ్యాహ్నం పూట. అప్పట్లో ఎవరికీ కార్డు రాయలేకపోయాను. ఇప్పటికీ కొందరు వీధిలో ఆపి ఆమె బాగుందా అని అడుగుతున్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఆమె నా మేనమామ కూతురు. పుట్టిల్లు జమ్మలమడుగు దగ్గర, నల్లరేగడి నేలల్లో. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా పెళ్ళయింది. అప్పటికే నేను బి.ఏ. చదివి ప్రొద్దుటూరు బడిలో పంతులుగా చేరాను. కాపురానికి వచ్చిన మరునాడు పొద్దున ఆమె నాకంటే ముందు లేచింది. మంచం దిగకముందే వంగి అరచేయి నేలకు ఆనించి, "తల్లీ, కాలు మోపుతాండా, ఓర్చుకో" అంది. నేను కళ్ళు మూసుకొని విన్నాను. ఆ రోజు ఆమె మొదటి మాట నాకు దక్కలేదు. తర్వాత ఏ రోజూ దక్కలేదు.

చూసినవాళ్ళు భక్తి అన్నారు. నాకు అసూయగా ఉండేది. ఇప్పుడూ ఉంది.

అన్నం వండిన రోజు గంజి మిగిలితే, పూర్తిగా చల్లారాకే పెరట్లో పోసేది. వేడివి నేల మీద పోయకూడదని వాళ్ళమ్మ నేర్పిందట. ఎవరైనా వేడినీళ్ళు పారబోస్తే తన కాలి మీద పడినట్టు ఉలిక్కిపడేది. నాకు మాత్రం సంగటి పొగలు కక్కుతుండగానే పెట్టేది. ఒకసారి నాలుక కాలి, నేలకు చల్లారుస్తావు, నాకెందుకు చల్లార్చవు అన్నాను.

"నీకు నోరుంది బావా, అరుస్తావు. దానికి యాడుంది నోరు?" అంది. అని మజ్జిగ తెచ్చింది.

బడిలో ఏదైనా గొడవ జరిగి నేను దబదబా అడుగులేస్తూ ఇంటికొస్తే, నేల మీద చూపించొద్దు, కోపముంటే నన్నను అనేది. ఆ మాటకే నా కోపం పోయేది. నేలను కాచుకోవడానికి నా తిట్లకు ఎదురొస్తోందని మాత్రం మనసులో ఉండిపోయేది.

తర్వాత పులివెందులకు బదిలీ అయింది. అద్దెకు దొరికిన ఇల్లంతా బండలే, వాకిలితో సహా. అలుకు బాధ లేదని నేను సంతోషించాను. ఆమె మాత్రం చుట్టాలింట్లో ఉన్నట్టు తిరిగింది. సాయంత్రాలు ఊరి చివర వేరుశనగ చేల వైపు పోవడం మొదలుపెట్టింది. ఒకనాడు వెనకాలే పోయాను. గట్టు మీద కూర్చొని పాదాలు మట్టిలో పెట్టుకొని ఉంది. ఏం చేస్తున్నావని అడిగాను.

"ఊరికే కూసున్నా. ఎర్రనేల కదా, దీనికి నేనెవరో తెలీదు. తెలిసేదాకా వస్తాండాల."

కాస్త జరిగి నాకు చోటిచ్చింది. మళ్ళీ పాదాలు మట్టిలోకి జొనిపింది. పక్కనున్న నాకంటే పాదాల కింద మన్నుకే ఎక్కువ చెప్పుకుంటున్నట్టు అనిపించింది. ఇంటి ఓనరు భార్య ఒకసారి, ఇంట్లో సారుతో మాటల్లేవా అమ్మా, మన్నుతో మాట్లాడుకుంటాండావు అని ఎగతాళి చేసింది. ఆడవాళ్ళంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మాకు పిల్లలు లేరు. ప్రొద్దుటూరుకు తిరిగి వచ్చాక ఆమెకు కడుపులో గడ్డ అన్నారు. చివరి రోజుల్లో మంచం దిగలేకపోయింది. వాళ్ళ తమ్ముడు పుట్టింటి చేని మన్ను తట్టలో తెచ్చి మంచం పక్కన పెట్టాడు. ఒక చేయి అందులో ఉండేది. రెండో చేయి నేను పట్టుకునేవాణ్ణి. ఒక సాయంత్రం నాకూ తమ్ముడికీ వినపడేలా చెప్పింది: "నన్ను మన చేన్లోనే పెట్టండి. రాయి పెట్టొద్దు. మీద గొర్రు తోలి విత్తండి."

చేనిలోనే పూడ్చాం. రాయి సంగతి మాత్రం నేను వినదలచుకోలేదు. బండలకు మా వైపు కరువేముంది? జమ్మలమడుగులో రాళ్ళు చెక్కే ఆయన దగ్గరికి పోయి, ఆమె పేరు, దాని కింద భర్తగా నా పేరు చెక్కమన్నాను. నీ పేరు ఇప్పుడే ఎందుకు సారూ అని ఆయన అడిగాడు. నేలకు తెలియాలని చెప్పలేకపోయాను.

ఉత్తర కార్తెలో వాన పడింది. జొన్న విత్తడానికి బావమరిది గొర్రు కట్టాడు. రాయిని బండిలో వేసుకొని నేనూ పోయాను. ఆమె దిబ్బ ముందర ఎద్దులు ఆగాయి. గట్టు మీద కూర్చున్న మా పెద్దమ్మ కోపంగా ఉంది.

"పూడ్చిన మనిషి మీద గొర్రు తోలేది యాడన్నా ఉందా? రేపు వీడొస్తే యాడ కూసుంటాడు?" అంది.

పెద్దమ్మ నా పక్షమే. బావమరిది మేడి వదలకుండా నా వైపు తిరిగాడు.

"తిప్పుకోని పోమంటావా బావా, నేరుగా తోలమంటావా?"

రాయి పాతితే ఆ కాస్త చోటు నాది. ఆమె మాట వింటే మనిషి మొత్తం నేలది. చదువుకున్నవాణ్ణి, ఇందులో పోటీ ఏముందని నాకు నేను చెప్పుకోగలను. అక్కడ నిలబడ్డప్పుడు ఆ చదువు అక్కరకు రాలేదు. నాకు తెలిసిందల్లా ఒకటే. ఇన్నేళ్ళలో ఆమె నన్ను అడిగినవి బహు కొద్ది. ఇది అందులో చివరిది.

"తోలు" అన్నాను.

ఎద్దులు దిబ్బ ఎక్కి దిగాయి. వెనుక విత్తనం వదులుతున్న ఆడమనిషి చేయి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. రాయి ఎక్కిన బండిలోనే తిరిగి వచ్చింది.

పోయిన ఆదివారం మళ్ళీ పోయాను. జొన్న మనిషెత్తు లేచింది. ఎక్కడ అని అడిగితే బావమరిది చేయి ఎత్తాడు, అటూ ఇటూ జరిపాడు, దించేశాడు. "ఆ సాళ్ళల్లోనే బావా. ఇంక చెప్పలేం" అన్నాడు. లోపలికి నడిచాను. ఆకులు మోచేతులకు గీరుకున్నాయి. ఎక్కడ చూసినా అదే ఎత్తు, అదే పచ్చన. ఏ సాలు దగ్గర ఆగాలో తెలియక చేనంతా తిరిగాను. గట్టెక్కి వెనక్కి చూసేసరికి పొద్దు వాలుతోంది. గాలికి చేను మొత్తం ఒక పక్కకు ఒరిగి లేచింది. నేను నడిచి వచ్చిన సందు అప్పటికే మూసుకుపోయింది.