ట్యూబ్‌లైటు కింద కలిసిన రంగు

హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక గల్లీలో ఉన్న చీరల దుకాణంలో నేను చీరలు పరిచి చూపించే పని చేసేదాన్ని. లోపలి గదికి కిటికీ లేదు. పైన అన్నీ పాత ట్యూబ్‌లైట్లే.

ఒకసారి నర్సంపేట నుంచి ఒక తల్లీ కూతురూ పెళ్లిబట్టలకు వచ్చారు. మెరూన్ పట్టుచీర తీసుకుని, దానికి జాకెట్టు ముక్క నాచేతే కలిపించుకున్నారు. ట్యూబ్ కింద రెండింటికీ తేడా లేదు. ఇంటికి పోయి వాకిట్లో విప్పి చూస్తే చీర మెరూన్, ముక్క ఇటుక రంగు. మర్నాడే వచ్చి గొడవ పెట్టుకున్నారు.

దుకాణం యజమాని సేటు వాళ్లను వదిలి నావైపు తిరిగాడు.

"ఇదే మార్చి ఉంటది. మంచి ముక్క సంచిల ఏసుకున్నది" అన్నాడు.

అందరి ముందూ నా సంచి కౌంటరు మీద బోర్లించాడు. టిఫిన్ డబ్బా, దువ్వెన, అమ్మ మందులు, నెలసరికి పెట్టుకున్న ప్యాడ్లు. పనివాళ్లు తలలు తిప్పుకున్నారు. ముక్క దొరకలేదు. అయినా ఇక పనిలోకి రావద్దన్నాడు.

మా అక్క జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. నా ఏడుపంతా విని, "నువ్వు మార్చలే. ఆ ట్యూబే మార్చింది" అంది.

"అదెట్లనే?"

"పాత బల్బుల సన్న తీగ కాగి వెలుగుతది. అండ్ల ఎరుపు, పసుపు ఎక్కువుంటయిగని, అన్ని రంగులుంటయి. ట్యూబుల అట్ల కాదు. లోపల జరంత పాదరసం ఆవిరుంటది. దాంట్లకెళ్లి కరెంటు పోతే కంటికి కనవడని వెలుగు పుడ్తది. గాజుకు లోపల పూసిన తెల్లపొడి దాన్ని పీల్చుకొని మనకు కనవడే వెలుగిస్తది. పొడి ఏ రంగులిస్తే అవ్వే. ఆ పాతరకం పొడి ఎరుపు సరిగ్గ ఇయ్యది. వెలుగుల లేని రంగు బట్టల యాడికెళ్లి కనవడ్తది? అందుకే మెరూనూ, ఇటుక రంగూ ఒక్కతీరుగ కనవడ్డయి."

అప్పుడు నాకు ఒకటి తట్టింది. తన ఇంట్లోవాళ్లకు చీర తీసినప్పుడల్లా సేటు దాన్ని గడప దాకా తెచ్చి ఎండలో చూసేవాడు. ఆయనకు తెలుసు. తెలిసే నా సంచి బోర్లించాడు.

ఆ గల్లీలోనే, ఆయన దుకాణానికి సరిగ్గా ఎదురుగా, ఒక చిన్న మ్యాచింగ్ సెంటర్ పెట్టాను. వేరేచోట ఇంతకంటే మంచి గది దొరికేదే. నాకు మాత్రం ఆయన గడప కనబడాలి.

బల్ల ఎండ పడేచోట వేసుకున్నాను. ఆయన దగ్గర చీర కొన్నవాళ్లు ఫాల్స్ కోసం, జాకెట్టు ముక్కల కోసం నా దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన గురించి ఒక్క చెడ్డమాట అనలేదు. "అక్కా, జర వెలుగుల వెట్టి సూడున్రి" అనేదాన్ని, అంతే. చీర విప్పగానే రంగు వేరేగా కనబడి వాళ్ల ముఖాలు మారిపోయేవి. మడతపెట్టుకుని మళ్లీ ఎదురు దుకాణం మెట్లెక్కేవాళ్లు. లోపలి నుంచి అరుపులు వినబడేవి. అలాంటి రోజు నాకు అన్నం సయించేది.

పెళ్లిళ్ల సీజన్ సగంలో ఒక మధ్యాహ్నం సేటు స్వయంగా వచ్చాడు.

"ఏందమ్మా, నా గిరాకీ మీద పగవట్టినవా?"

"పట్టిన" అన్నాను.

"ఏదో కోపంల అన్న. మనసుల పెట్టుకోకు."

"గల్లీల గాదు. మీ కౌంటరు కాడ, మీ పనోళ్ల ముందు చెప్పున్రి. నేను దొంగను గాదని."

ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. నేను నా పని ఆపలేదు. వచ్చిన ప్రతి చీరనూ ఎండలో పెట్టాను.

సీజన్ ముగిసేలోపే సేటు దగ్గర నుంచి నాకు కబురొచ్చింది. వెళ్లాను. ట్యూబులన్నీ తీసేసి, రంగు ఉన్నదున్నట్టు చూపే కొత్త లైట్లు పెట్టించాడు. పనివాళ్లంతా నిలబడి ఉన్నారు.

"ఆమె ముక్క మార్చలే. లైటు వల్ల అయింది" అని కౌంటరు వైపు చూస్తూ గొణిగాడు.

"లైటు సంచి బోర్లియ్యలే సేటు. గట్టిగ చెప్పున్రి."

ఆయన ముఖం కందిపోయింది. "తప్పు నాది. ఆమె దొంగ గాదు" అన్నాడు, ఈసారి అందరికీ వినబడేలా.

జాలి వేస్తుందేమోనని ఒక్క క్షణం చూశాను. వేయలేదు. నా బల్ల దగ్గర పరకాల నుంచి వచ్చిన ఒకామె ఎదురుచూస్తోంది. వెళ్లి ఆమెకు ఫాల్ కొలిచి ఇచ్చాను.