రెండో లెక్క

మంగళవారం పొద్దున్న విశాఖ ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేశారు. "పాప నేదు" అన్నారు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను. వెనక నుంచి అత్తమ్మ "ఏటే, ఏటంతన్నాడు? సెప్పవేటే?" అని అడుగుతూనే ఉంది.

పాప అంటే మా ఆడపడుచు. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచి అలాగే పిలిచాను. మన సంఘంలో చాలామందికి ఆమె సండే స్కూల్లో పిల్లలకు పాటలు నేర్పిన అమ్మాయిగా తెలుసు. శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ చదువుతోందని కూడా తెలిసే ఉంటుంది. ఏం చదువుతోందో మాత్రం ఎవరూ అడగలేదు. నాకు కొంచెం తెలుసు కాబట్టి మన సంఘం పత్రికకు రాస్తున్నాను. నేను ఏడో తరగతితో ఆగిపోయినదాన్ని. తప్పులుంటే దిద్దుతానని పాస్టరమ్మగారు ధైర్యం చెప్పారు.

పాప చంద్రుడి మీద గుంటలు లెక్కపెట్టేది. చంద్రుడి చుట్టూ తిరిగే నౌక తీసిన ఫోటోలను కాలేజీ కంప్యూటర్లోంచి తీసుకుని, జిరాక్స్ షాపులో పెద్ద కాగితాల మీద వేయించి తెచ్చేది. పైనుంచి రాళ్ళు పడి ఆ గుంటలు ఏర్పడతాయట. ఎక్కువ గుంటలున్న చోటు ఎక్కువ కాలంగా ఉన్న నేల అట. "పాత నేలకి దెబ్బలెక్కువ వదినా, అంతే లెక్క" అనేది.

అయితే ఒక్క మనిషి లెక్కపెడితే సరిపోదు. చూసే కళ్ళను బట్టి లెక్క మారిపోతుంది. అందుకని అదే ఫోటోను రెండో మనిషి, మొదటి లెక్క చూడకుండా లెక్కపెట్టాలి. పాప స్నేహితులు ఒక్కో ఫోటో చేసి కళ్ళు నొప్పులని మానేశారు. ఒకరోజు నేను చేటలో బియ్యం ఏరుతుంటే పాప గుమ్మంలో నిలబడి చూసింది. "వదినా, ఆ నలకలు నీకెలాగ కనపడతన్నాయే? నాకొక్కటీ కనపడ్డం నేదు" అంది. మరునాడే నా చేతికి స్కెచ్ పెన్ను ఇచ్చింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక వీధి గదిలో చాప మీద కూర్చునేవాళ్ళం. ఫోటో మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, కనపడిన ప్రతి గుంట చుట్టూ సున్నా చుట్టాలి. వెలుతురు ఏ వైపు నుంచి పడుతోందో ముందు చూసుకోవాలి. కాగితాన్ని తలకిందులుగా పెడితే గుంటలన్నీ పుట్టల్లా కనపడతాయి. మొదటి రోజు నేను అలాగే పెట్టుకుని, పుట్టలే తప్ప గుంటలు లేవన్నాను. పాప పొట్ట పట్టుకుని నవ్వింది.

"మన అరసవల్లి రోడ్డు మీద గుంటలు సాలవేటి, సందమామ మీదవి కావలిసొచ్చాయా మీకు?" అని అత్తమ్మ విసుక్కునేది. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. "రోడ్డువే లెక్కెట్టండే తల్లీ, డిపోకైనా పనికొస్తాది" అనేవారు.

మూడు ఫోటోలయ్యాక పాప తన లెక్కా నా లెక్కా పక్కపక్కన పెట్టి చూసుకుంది. రెండూ ఒకటే. ఒక్క గుంట కూడా తేడా లేదు. నా మొహం చూసి విషయం గ్రహించింది. తను టీ పెట్టడానికి లేచినప్పుడల్లా నేను తను లెక్క రాసుకున్న పుస్తకం చూసేదాన్ని. నా లెక్క ఎక్కువొస్తే నాలుగు సున్నాలు తుడిచేసేదాన్ని. ఎమ్మెస్సీ చదివే ఆడపడుచు కన్నా కోడలి లెక్క ఎక్కువ రావడం బాగుండదనిపించింది.

పాప తిట్టలేదు. "నా లెక్కే నాకు మళ్ళీ సెప్తే ఏటి లాభం వదినా? నీ కళ్ళకి కనపడింది గావాల నాకు. కనపడింది సెప్పడానికి సిగ్గేటి?" అంది. ఆ మూడూ మళ్ళీ చేయించింది. అప్పటి నుంచి తన పుస్తకాన్ని అత్తమ్మ తలగడ కింద దాచేది.

అలా దసరా సెలవుల నుంచి లెక్కపెట్టాం. నాకు ఈ ఇంట్లో మాట్లాడటం వచ్చింది ఆ చాప మీదే.

ఇక రాయవలసింది రాస్తాను.

ఆ మంగళవారానికి ముందు శుక్రవారం పాపకి వైవా. అంటే తను చేసిన పని గురించి పెద్ద లెక్చరర్ల ముందు నిలబడి చెప్పాలి. సోమవారం నుంచే ఒళ్ళు వెచ్చగా ఉంది. జ్వరం మాత్ర వేసుకుని కాలేజీకి వెళ్ళొచ్చేది. బుధవారం పొద్దున్న చివరి ఫోటో పరుస్తుంటే మోచేతి కింద ఎర్రటి చుక్కలు చూశాను. ఆవగింజంత కూడా లేవు.

"ఏటివి పాపా?"

"సెమటకాయలు. అమ్మకి సెప్పకే వదినా. సెప్తే మంచం దిగనివ్వదు. శుక్రవారం దాటనీ, నేనే ఆసుపత్రికి ఎల్తాను."

మధ్యాహ్నానికి అవి ఎక్కువయ్యాయి. ఎలా తెలుసంటే, పొద్దున్న లెక్కపెట్టాను. కావాలని కాదు, నా కళ్ళకు అదే అలవాటైపోయింది. పొద్దున్న పద్నాలుగు. మధ్యాహ్నం ముప్పై దాటాయి.

సాయంత్రం అత్తమ్మ వంటగదిలోకి వచ్చి, "ఒసే, పిల్ల మొకం అలగుందేటి? నీకేటైనా సెప్పిందా?" అని అడిగింది.

"నేదత్తమ్మా" అన్నాను.

గురువారం పాప కాలేజీ మెట్ల మీద పడిపోయింది. అది డెంగీ అన్నారు. శ్రీకాకుళం నుంచి విశాఖ తీసుకువెళ్ళారు. ఇంకో రోజు ముందు తెచ్చి ఉంటే ఏమైనా చేయగలిగేవాళ్ళమని డాక్టరు మా ఆయనతో అన్నారట. నాకు లెక్క తెలుసు. బుధవారం పొద్దున్నకీ గురువారానికీ మధ్య ఉన్నది ఒక్క రోజే.

పాప పోయాక జరిగిన ఆదరణ కూడికకు మీరందరూ వచ్చారు. అత్తమ్మ వచ్చిన ప్రతివారితోనూ ఒకటే చెప్పింది: "ఎవులికీ తెలీకుండా వచ్చీసింది మాయదారి రోగం." ఆ మాట అన్నప్పుడల్లా నేను అక్కడే ఉన్నాను. మీకు మంచినీళ్ళు ఇస్తూ ఉన్నాను. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే నేను మూసుకోలేకపోయాను.

మన పత్రిక వచ్చినప్పుడు అత్తమ్మకు చదివి వినిపించేది పాప. అత్తమ్మకు చదువు రాదు. ఈ నెల నుంచి నేనే చదవాలి. పైన రాసింది దాటేయకుండా చదువుతాను. తర్వాత ఆమె నా మొహం చూస్తుందో చూడదో నాకు తెలియదు. క్షమించమని అడిగే మాట నా దగ్గర లేదు.

పోయిన వారం పాప లెక్చరర్ మేడమ్ కబురు పెట్టారు. పాప పనిని పూర్తి చేద్దామంటే చివరి ఫోటోకి రెండో లెక్క లేదట. రెండో లెక్కకి అన్నిటికీ ఒకే మనిషి కళ్ళు ఉండాలట. మా ఆయన నన్ను బండి మీద తీసుకువెళ్ళి కాలేజీ గేటు దగ్గర దించారు. మేడమ్ గదిలో కూర్చుని మూడు గంటలు లెక్కపెట్టాను. కనపడినవన్నీ చుట్టాను, ఒక్కటీ తుడవలేదు. మేడమ్ దాన్ని పాప లెక్క పక్కన పెట్టి చూసి, "ఎంత మంచి కళ్ళమ్మా నీవి! చిన్నవి కూడా ఒక్కటీ వదల్లేదు" అన్నారు. నేను స్కెచ్ పెన్నుకి మూత పెట్టి, వెళ్ళొస్తానని లేచాను.

నీళ్ళిచ్చి కూర్చోబెట్టి, పాప కంప్యూటర్లో రాసిన ప్రోగ్రాం చూపించారు. ఇంట్లో దాని గురించి చెప్పేది గానీ నేనెప్పుడూ చూడలేదు. తెర మీద బూడిదరంగు నేల, నున్నగా ఉంది. ఒక రాయి పడింది, ఒక గుంట. మరొకటి, మరొక గుంట. తెర మూల గుంటల లెక్క పెరుగుతూ పోయింది. కాసేపటికి ఖాళీ జాగా లేకుండా పోయింది. అప్పుడు లెక్క ఆగింది.

"ఆగిపోయిందేటమ్మా?" అని అడిగాను.

"ఆగలేదమ్మా. ఇక నుంచి కొత్త గుంట పడాలంటే పాతది చెరగాలి. అందుకే అంకె పెరగదు" అన్నారు మేడమ్.

ఆవిడ క్లాసుకు వెళ్ళిపోయారు. నేను అక్కడే కూర్చున్నాను. మూలన అంకె కదలకుండా ఉంది. నేల మీద రాళ్ళు పడుతూనే ఉన్నాయి.