కళ్లు తెరవని రాళ్లు

మా నాయన ఆళ్లగడ్డలో శిల్పి. అమ్మవారి విగ్రహమంతా చెక్కి, కళ్లు మాత్రం చివరికి వదిలేసేవాడు. మంచిరోజు చూసుకుని, తలస్నానం చేసి, అప్పుడు సన్న ఉలితో కళ్లు తెరిచేవాడు. అప్పటిదాకా ఆ విగ్రహాలు మా చెల్లెలివి.

చెల్లెలు వాటికి ఎదురుగా గొంతుక్కూర్చుని, నీళ్లు చల్లుతూ గరుకురాయితో నున్నగా రుద్దేది. పొద్దున మొదలుపెడితే అన్నానికి పిలిచేదాకా లేచేది కాదు. నాయనకు ఆ నునుపు మీద ఎంత నమ్మకమంటే, చెల్లెలు రుద్దిన చోట మళ్లీ చెయ్యి వేసి చూసేవాడు కాదు. విగ్రహానికి కళ్లు తెరిచారంటే మాత్రం చెల్లెలు ఇక దాని ఛాయలకు వచ్చేది కాదు. మనుషుల కళ్లలోకైతే అసలు చూసేదే కాదు.

ఆటిజం అనే మాట మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఊళ్లోవాళ్లు పిచ్చి అన్నారు. నేను పొగరు అన్నాను.

నేను నంద్యాలలో లెక్కల టీచర్ని. తల దించుకున్న పిల్లను నిలబెట్టి మాట్లాడించందే నాకు అన్నం సయించదు. ఆ జబ్బును ఇంటికీ తెచ్చాను. ఆదివారం బస్సు దిగి రాగానే చెల్లెలి గడ్డం పట్టుకుని పైకెత్తేదాన్ని.

"నా కండ్లల్లోకి సూడు పాపా. పది లెక్కబెట్టేదాకా రెప్ప ఎయ్యగాకు."

తను ఊపిరి బిగబట్టేది. గరుకురాయిని గట్టిగా పట్టుకుని లెక్కబెట్టేది. నాయన ఉలి ఆపేవాడు.

"ఇడ్సిపెట్టు తల్లీ. దాని పాటికి అది బాగనే చేసుకుంటాండాది గదా."

"నువ్వే చెడగొడతాండావ్ నాయనా. రేపు నలుగురిలో ఎట్ల బతుకుతాది?"

నాయన బడి మొహం చూడలేదు, నేను చదువుకున్నాను. అందుకని ప్రతిసారీ నా మాటే నెగ్గింది. ఏళ్ల తరబడి నెగ్గింది.

ఈమధ్య మా బళ్లో టీచర్లకు శిక్షణ పెట్టారు. వచ్చినావిడ ఆటిజం గురించి చెబుతూ, "కొందరికి ఎదుటివాళ్ల కళ్లలోకి చూడడమే బాధ. బలవంతపెట్టకండి. చూడకపోయినా వాళ్లు మనతోనే ఉంటారు" అంది. అందరూ రాసుకుంటున్నారు. నేను పెన్ను మూత పెట్టేశాను. నా వేళ్లు చూసుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆదివారం దాకా ఆగలేక ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను. చెల్లెలికి ఏం చెప్పాలో దారంతా లోలోపల అనుకుంటూనే ఉన్నాను.

విగ్రహాలు చెక్కే షెడ్డులో నాయన లేడు. కళ్లు తెరవని అమ్మవారి ముందు చెల్లెలు ఒక్కతే ఉంది. నా చెప్పుల చప్పుడు వినగానే గరుకురాయి కింద పెట్టింది. నేను తనను ముట్టుకోనేలేదు. తనంతట తనే గడ్డం పైకెత్తి, నా కళ్లలోకి చూస్తూ లెక్క మొదలుపెట్టింది. ఒకటి. రెండు. తన చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

"వద్దు పాపా. ఇంగెప్పుడూ సూడొద్దు."

ఎక్కడో తప్పు చేశాననుకుంది కాబోలు, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

నేను మొహం తిప్పేసుకుని, విగ్రహం వైపు తిరిగి, తన పక్కన కూలబడ్డాను. చూడడానికి నా కళ్లు ఎదురుగా లేకపోయినా తను గడ్డం దించలేదు. పది దాకా లెక్కబెట్టి, అప్పుడు అడిగింది.

"సాలునా అక్కా?"