నూకరత్నం అక్క కత్తిపీటకి నేను కట్టిన టేబులు

“నా కాలు ఎక్కడ పెట్టమంటావు బాబూ? నీ నెత్తిమీదా?”

ధవళేశ్వరం చేపల మార్కెట్లో, మొన్న ఒక ఆదివారం పొద్దున్న, పదిమంది వింటుండగా నూకరత్నం అక్క నన్నడిగిన మాటండి ఇది. ఇంకో రెండు నిమిషాలకి నేను ఐసు తొట్టిలో కూర్చుని ఉన్నాను. అక్కడిదాకా ఎలా వెళ్లానో చెప్తాను.

నేను ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో మానేసినవాణ్ని. క్లాసులో గంట కూర్చోమంటే ఒంటిమీద చీమలు పాకుతాయి. అదే వెల్డింగ్ షాపులో అయితే పూటంతా నిలబడతాను. అందుకే, పక్కనున్న మత్స్యకారుల కాలనీలో డిజైన్ క్లాసు పెట్టారని తెలిసి వెల్డింగ్ చేసిపెడతానని వెళ్లాను, అక్కడే ఉండిపోయాను. సునంద మేడం అని ఒకావిడ చెప్తారు. పాఠాలేం ఉండవు. అట్టముక్కలు, కత్తెర, టేపు. “మీ పనికి ఏం కావాలో మీకన్నా ఎవరికి తెలుసు? మీరే గీయండి, మీరే చేసుకోండి” అంటారావిడ.

ఆ కాలనీలోనే ఉండే నూకరత్నం అక్క ఇరవై ఏళ్లుగా ధవళేశ్వరం మార్కెట్లో అదే చోట చేపలు కోస్తోంది. ఇప్పుడు మోకాళ్లు పోయాయి. డాక్టరు కింద కూర్చోవడం మానెయ్యమన్నాడు. “ఆయనకేం, కుర్చీలో కూర్చుని చెప్పాడు” అంది అక్క. అని ఊరుకోలేదు. “వచ్చే ఆదివారం దాకా చూస్తాను. మీ క్లాసులో ఏదైనా కుదిరితే సరే, లేదంటే నా చోటు మా తోడికోడలికి ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటాను.”

ఇరవై ఏళ్ల చోటండి అది. పోతే మళ్లీ రాదు.

“అక్కా, నాకొదిలెయ్” అన్నాను.

మేడం దగ్గర ఒకటే రూలు. ఎవరికోసం చేస్తున్నామో వాళ్ల పని ఒకరోజు మనం చెయ్యాలి, ఆ తర్వాతే పెన్సిలు పట్టాలి. నేను మార్కెట్‌కి వెళ్లి, బోర్లించిన తొట్టి మీద పది నిమిషాలు కూర్చుని, ఫోన్లో వీడియో తీసుకుని, టీ తాగి వచ్చేశాను. అక్క చేతులు ఎంత స్పీడో, బాగా జూమ్ చేసి తీశాను.

అక్క కింద కూర్చోకూడదు కాబట్టి నిలబడి కోసే టేబులు చేశాను. ఇనప పైపులు, పైన స్టీలు రేకు, మడిచే కాళ్లు. కత్తిపీటని దానికి బోల్టులతో బిగిద్దామనుకున్నాను గానీ, “మా అత్తగారిచ్చిన కత్తిపీట, చిల్లులు పెట్టావంటే ఊరుకోను” అంది అక్క. సరే, ఊరికే పైన పెడితే చాల్లే అనుకున్నాను.

ఆదివారం వచ్చింది. మొదటి బేరం ఒక రిటైర్డ్ మాస్టారు, రెండు కేజీల బొచ్చె చేప పట్టుకొచ్చారు. “తలకాయ విడిగా ఉంచమ్మా, చర్చికి టైమవుతోంది” అన్నారు. అక్క చేపని కత్తికి ఆనించి నెట్టింది. కత్తిపీట వెనక్కి జారిపోయింది. దగ్గరికి లాక్కుని మళ్లీ నెట్టింది. మళ్లీ జారింది. అప్పుడడిగింది, కాలు ఎక్కడ పెట్టాలని.

కత్తిపీటని కదలకుండా పట్టుకునేది కాలండి. పీట మీద పాదం తొక్కిపెట్టి కోస్తారు. ఇది గోదావరి జిల్లాల్లో చేప తినే ప్రతి ఇంట్లో తెలిసిన సంగతి. నా వీడియోలో మాత్రం కాలు లేదు.

ఒప్పుకోవచ్చుగా? ఒప్పుకోలేదు. “ఇదిగో, ఇలా అక్కా” అని నా కుడికాలు ఎత్తి టేబులు మీద, పీట మీద పెట్టి, చేపని నెట్టాను. మడిచే కాళ్లు మడుచుకున్నాయి. కత్తిపీట అదృష్టం కొద్దీ అటు పడింది. నేను ఇటు, ఐసు తొట్టిలో. బొచ్చె నా ఒళ్లో.

మాస్టారు వంగి చూశారు. “నాకు చేప ముక్కలు చాలు బాబూ. నువ్వు అక్కర్లేదు.”

మార్కెటంతా నవ్వింది, అక్క తప్ప. “మోకాళ్లు నొప్పి అంటే పొద్దుటినించి మధ్యాహ్నం దాకా నిలబెట్టేవాడివా నన్ను?” అంది. అది కూడా నాకు తట్టలేదండి. ఆమె మోకాలు పట్టుకుని, మెల్లగా నేలమీద కూర్చోబోయింది, మాస్టారి చేప కోయడానికి. “వచ్చే వారం నించి మా తోడికోడలు వస్తుందిలే.”

“ఒక్క వారం ఆగక్కా.”

“ఎందుకు, ఈసారి ఇంకా పెద్ద తొట్టి కావాలా?”

నేను తడి ప్యాంటుతోనే కత్తిపీట ముందు కూర్చున్నాను. ఎగ్గొట్టిన హోంవర్కు అప్పుడు మొదలెట్టాను. అక్క తిరగేసిన తొట్టి మీద కూర్చుని చెప్తుంటే, పాదం తొక్కిపెట్టి కోశాను. మూడో చేపకి నా మోకాళ్లు పట్టేశాయి. “అక్కా, కాలు ఆనాలి, కానీ మోకాలు మడవకూడదు. ఇదెలాగ?” అని నిజంగా, మొదటిసారి, ఆమెనే అడిగాను.

అక్క వంగి పీట మీదున్న నా పాదం కేసి చూసింది. “మరి కొబ్బరి కోరేటప్పుడు కాలు పెడతామా? కోరే పీట మీద కూర్చుంటాం. మన బరువే దాన్ని పట్టుకుంటుంది. ఆ పీట కుర్చీ అంత ఎత్తుంటే సరిపోదూ?”

మా ఇంట్లో పచ్చడికి కొబ్బరి కోరేది నేనే. చిన్నప్పటినించీ ఆ పీట మీదే కూర్చుంటున్నాను.

ఆ వారం అట్టముక్కతో నమూనా అక్కే చేసింది. పొడుగాటి బెంచీ, వెనక తను, ముందు తన బరువుకి నొక్కుకునే చట్రంలో అత్తగారి కత్తిపీట, ఒక్క చిల్లు లేకుండా. రెండుసార్లు నా కొలతలు కొట్టేసి తన మూరతో కొలిచింది. నేను వెల్డింగ్ చేశాను, నోరు మూసుకుని. మేడం నా వీడియో చూసి, “చేతులున్నాయి. మనిషేది?” అని మాత్రం అన్నారు.

తోడికోడలు రాలేదు. అక్క అదే చోట, బెంచీ మీద, కోడిపుంజులా నిటారుగా కూర్చుని కోస్తోంది. ఇప్పుడు ఎండుచేపలమ్మే పిన్ని ఒకావిడ తన బండికి గొడుగు కావాలని అట్టముక్కలు పట్టుకుని క్లాసుకొస్తోంది. ఆవిడకి రూలు చెప్పేది నూకరత్నం అక్కే.

నాకు మాత్రం అక్క వేరే రూలు పెట్టింది. ప్రతి ఆదివారం గంటసేపు చేపలు కోస్తేనే ఆ వారం పెన్సిలు ముట్టాలి. మానను. కాలేజీ మానేశాను గానీ ఇది మానను. నేను కోసిన ముక్క ఒకటి అరచెయ్యంత వస్తుంది, పక్కది అగ్గిపెట్టంత. అందుకే అక్క ముందు పదిమంది నిలబడి ఉంటారు, నా ముందు ఈగలుంటాయి. మాస్టారైతే నన్ను చూడగానే సంచి రెండో చేతికి మార్చుకుంటారు.

మరి ఈ ఆదివారం మీరటు వస్తే, మీ చేప నా చేతిలో పెడతారా?