పీరు తల వంచని దారి

చంద్రబండ దాటి తెలంగాణ సరిహద్దు వైపు పరుచుకున్న నల్లరేగడి చేలలో చెన్నవ్వ గొంతు వినని గట్టు లేదు. పత్తి చేలో కలుపు తీసే ఆడవాళ్ల గుంపుకు ఆమె పెద్ద. ఎవరి చేను ముందు, ఎవరిది వెనక అన్నది ఆమె మాట మీద నడుస్తుంది. ఆమె పెనిమిటి భీమప్ప పేరు ఊరికి వేరే కారణంగా తెలుసు. పీర్ల పండుగలో పెద్దపీరును ఎత్తుకునే హక్కు ఆ ఇంటిది. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి అతనికి వచ్చింది.

“ఏడాదంతా మాట్లాడడు. పీర్ల పండుగకు ఉపాసమని అసలే మాట్లాడడు. నేను కాపురం చేసింది మనిషితోనా, గోడతోనా?” అని చెన్నవ్వ గుంపును నవ్విస్తుంటుంది. ఆ మాట భీమప్ప చెవిన పడ్డా అతను మాట్లాడడు.

వాళ్లకున్న మూడెకరాల్లో ఒక ఎకరం ఎక్స్‌ప్రెస్‌వే కింద పోయింది. పడమటి సముద్రపు రేవుల నుంచి తూర్పు తీరం దాకా, రాష్ట్రాలను కత్తితో గీసినట్టు కోసుకుంటూ వచ్చే రోడ్డు అది. దాని మీదికి ఎడ్లబండి ఎక్కకూడదు, మనిషి నడవకూడదు, అడ్డంగా దాటకూడదు. ఊరు దానికి ఉత్తరాన పడింది. చేలూ, చేల కింది వాగూ దక్షిణాన పడ్డాయి. భూమి పోయినవాళ్లకు పరిహారం వచ్చింది. దారి పోయినవాళ్లను మాత్రం ఎవరూ నష్టపోయినవాళ్లుగా గుర్తించలేదు.

చెన్నవ్వకు రోడ్డు మీద పగ లేదు. కోడలి కానుపు కష్టమైననాడు రాయచూరు ఆసుపత్రికి చేరేదాకా జీపులో ఆమెకు పట్టిన భయం ఇంకా పూర్తిగా వదల్లేదు. దారిపొడవునా పాత రోడ్డు గుంతలను ఆమె తిట్టని తిట్టు లేదు. “రోడ్డు రావాల్సిందే. కానీ ఊరికి అడ్డం పండుకున్నోడు జరా కాళ్లు ముడుచుకోవాల్నా, వద్దా?” అనేది ఆమె మాట.

కాళ్లు ముడుచుకోవడం కోసమే పంచాయతీ ఆఫీసు ముందు ఒక సభ పెట్టారు. రోడ్డు కింద నుంచి ఊరివాళ్లకు ఒక దారి వదులుతామనీ, దాని ఎత్తు తేల్చడానికి ఆ బాటలో ఏమేమి పోతాయో చెప్పాలనీ రోడ్డు ఆఫీసు నుంచి వచ్చిన ఆయన అడిగాడు. గొర్రెలన్నారు. ఎడ్లబండ్లన్నారు. ఊళ్లోని శివాజీ తన మోపెడును కూడా చెప్పి అందరినీ నవ్వించాడు. వచ్చినాయన గడియారం చూసుకున్నాడు. అందరి సంతకాలూ వేలిముద్రలూ అయ్యాయి. విచారణ అంటే అడిగేవాడు వినడానికి సిద్ధపడి రావాలి; విన్నది సరిపోయిందో లేదో రెండోసారి అడగాలి. ఆ రోజు జరిగిన దాన్ని విచారణ అనడం ఆ మాటకే అవమానం.

పెద్దపీరు ఆ బాటలోనే పోతాడని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. మొహర్రం పదోరోజున చావడి నుంచి వాగుకు, నీళ్లకు, ఆయన ఏటా ఆ బాటనే పోతాడు. కర్ర మీద వెండి పంజా, దాని మెడకు పట్టు గుడ్డల దట్టీలు, మల్లెదండలు. ఎత్తుకున్నవాడి నడుముకు కట్టిన గుడ్డలో కర్ర అడుగు నిలబడితే, పంజా మనిషి తల మీద ఇంకో మనిషి నిలబడ్డంత ఎత్తున మెరుస్తుంది. చావడి వాకిలి కూడా ఆయన కోసమే పైకప్పు దాకా తెరిచి కట్టారు. ఆయన తల వంచకూడదు. ఏ తరంలోనూ వంచలేదు.

అంత పెద్ద సంగతిని ఊరు ఊరంతా మరిచిపోయిందంటే నమ్మశక్యం కాదు. నిజానికి వాళ్లు మరిచిపోలేదు. వాళ్ల దృష్టిలో పీరు సామాను కాదు, బండికెత్తే బరువు కాదు. భీమప్ప ఆయన్ను మోస్తాడని ఊళ్లో ఎవరూ అనరు. ఆయన వెంట నడుస్తాడంటారు. బాటలో ఏమేమి పోతాయని అడిగితే గొర్రెల సరసన ఇంటి పెద్దమనిషి పేరు ఎవరు చెబుతారు? అందుకే చెప్పలేదు. అడిగినాయనకు ఆ ఊరి గురించి గోరంత తెలిసినా తానే అడిగి ఉండేవాడు.

ఆ పొరపాటు ముందుగా కనిపించింది చెన్నవ్వకే. సొరంగంలాంటి ఆ దారికి అడుగు స్లాబు వేసి, రెండు పక్కలా గోడలు లేపాక, గోడల సిమెంటు ఎండిపోకుండా గోనెసంచులు కప్పి నీళ్లు పట్టే పని ఆమె గుంపుకు ఇచ్చారు. ఒక పొద్దున పైపు పట్టుకుని నిలబడి, పైకప్పు స్లాబు పొయ్యడానికి బిగిస్తున్న ఇనుప రేకుల వైపు చూసింది. పైపు గోడ మీది నుంచి పక్కకు తిరిగి గుంపులోని తిరుమలమ్మ చీర తడిపింది.

“ఏందొదినా, స్నానం చేయిస్తున్నవా? సబ్బు గూడ తేకపోయినవ్,” అంది తిరుమలమ్మ.

చెన్నవ్వ నవ్వలేదు. చేలో ఉన్న భీమప్పకు కబురు పెట్టింది. అతను వచ్చాడు. ఇనుప రేకుల కింద నిలబడి పైకి చూశాడు. కుడి అరచేతిని తన మెడకు అడ్డంగా ఆనించాడు. పైకప్పు పీరుకు ఎక్కడ తగులుతుందో అంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. 

ఆ పనిని చూసే ఇంజనీరు నేత్ర రాయచూరు పట్నం పిల్ల. తరాలుగా అక్కడే ఉన్న తెలుగువాళ్ల ఇంటిది. చెన్నవ్వ చెప్పిందంతా విని ఆమె నెత్తి మీది టోపీ తీసి చేతిలో పట్టుకుంది.

“చెయ్యొచ్చవ్వా. కప్పు మీద మట్టి పోసి, ఆ మట్టి మీద గదా రోడ్డు. మట్టి తగ్గిస్తే గోడలు పెంచొచ్చు. గానీ కాయితం మీది నక్ష మార్చాలంటే పైవాళ్లు ఒప్పుకోవాలె. స్లాబు పడ్డదంటే ఇంక నా చేతుల ఏం లేదు.”

“అయితే పడకముందే అడుగు బిడ్డా.”

నేత్ర అక్కడే నిలబడి ఫోను చేసింది. అవతలి గొంతు ఏమందో చెన్నవ్వకు వినబడలేదు గాని, నేత్ర ముఖం చూస్తే సగం తెలిసింది.

“సభల ఎవ్వరూ చెప్పలేదంటున్నరు. ఏడాదికి ఒక్కనాడు పోయేటిదానికి ఇంత పెద్ద పని ఆపేది లేదంటున్నరు.”

పక్కనే ఉన్న సూపర్‌వైజరు జగన్నాథ్‌కు సలహా తోచింది. “గంత పరేషాన్ ఎందుకు? కర్ర కింద జరా కోస్తే అయిపాయె.”

“నీ మెడ జరా కోస్తే నువ్వు గూడ దర్వాజల వంగకుండ పోతవు సారూ. కొయ్యమంటవా?” అంది చెన్నవ్వ.

గుంపంతా నవ్వింది. జగన్నాథ్ నవ్వలేదు. స్లాబు తేదీ మారదనీ, నెలవంక కనిపించే లోపలే పోస్తామనీ చెప్పి వెళ్లాడు.

పీర్లు అప్పటికింకా చావడిలో పెట్టెలోనే ఉన్నాయి. నెలవంక కనబడనిదే పెట్టె తెరవరు. చూపించడానికి ఆయన లేడు, ఆయన వచ్చేసరికి పైకప్పు ఉంటుంది. పైవాళ్లకు పీరు అన్నది ఒక మాట మాత్రమే. ఆ మాటకు ఎత్తు ఉందని నమ్మించాలంటే వాళ్ల ఎదుట ఆయన్ను నిలబెట్టాలి. అందాకా స్లాబు ఆగాలి.

ఆ వారమే మొదటి వాన పడింది. నల్లరేగడి ఒక్క దుక్కి వాన తాగితే ఆ ఊళ్లో ఆడవాళ్లు ఇంకే పని మీదా నిలవరు; పత్తి గింజలు పెట్టడానికి పోతారు. అది ఎవరూ తప్పుపట్టలేని పద్ధతి. చెన్నవ్వ గుంపును సిమెంటు పని నుంచి తీసి చేలకు తిప్పింది. నీళ్లు పట్టేవాళ్లు లేకుండా స్లాబు పొయ్యరు.

తిరుమలమ్మ ఊరుకోలేదు. సిమెంటు పనిలో కూలి రోజుకు రోజు చేతికి వచ్చేది. చేలలో పంట అమ్ముడయ్యాకే వస్తుంది.

“పీరు నీ మొగని ఎంబడి నడుస్తడు. మా పొయ్యి ఎవని ఎంబడి నడవాలె, చెప్పు.”

చెన్నవ్వ ఆమె పక్కకు వచ్చింది. “నాకు ఎరుకనే తిరుమలమ్మా. ఈసారికి నా మాట ఉంచు. నీ చేను ముందు పెడదం, నాది ఆఖరుకు.”

మొదటి పదునులో పడ్డ గింజకూ, ఆఖరున పడ్డ గింజకూ తేడా ఎంతో ఆ గుంపులో అందరికీ తెలుసు. తిరుమలమ్మ కొంగు దోపుకుంది. “నీదే ముందు పెట్టుకుంటే నిన్ను రోజూ తిట్టేదాన్ని. ఇప్పుడు తిట్టనీకె గూడ లేకుండ చేస్తివి,” అంటూ సాలు పట్టింది.

నేత్ర చేను గట్టు దాకా వచ్చి అడిగింది. “అవ్వా, కావాలనే చేస్తున్నవా?”

“వానను నేను పిలిచిన్నా బిడ్డా?”

నేత్ర నవ్వు దాచుకుని తిరిగిపోయింది. పైవాళ్లకు మళ్లీ రాసింది. జవాబు రాలేదు. నెలవంక మాత్రం కనిపించింది. చావడిలో పెట్టె తెరిచారు. పంజాను చింతపండుతో తోమి, దట్టీలు కట్టి గద్దె మీద నిలబెట్టారు. ఆ సాయంత్రమే ఊళ్లో కబురు పొక్కింది: జగన్నాథ్ సిరవార నుంచి వేరే గుంపును తెస్తున్నాడు. మరునాడే స్లాబు.

చెన్నవ్వ భీమప్ప ముందు గంజి గిన్నె పెట్టి కూర్చుంది. పీరు చావడి దాటి బయటికి వచ్చాక ఎటు పోవాలన్నది ఎత్తుకున్నవాడి ఇష్టం కాదు. పీరు ఎటు లాగితే కాళ్లు అటు పడాలి. ఒక్కో ఏడు ఎవరి వాకిట నిలబడతాడో ఎవరూ చెప్పలేరు. వాగుకు పోయేది మాత్రం పదోరోజే.

“రేపు ఆయన్ని జరా రోడ్డు దిక్కు లాగమనరాదూ?” అంది.

భీమప్ప గిన్నె కింద పెట్టాడు. “పీరుకు నేను చెప్పాల్నా?”

“నువ్వు గాకుంటె ఎవరు చెప్తరు? నాతోటి మాట్లాడవు, ఆయనతోటన్న మాట్లాడు.”

“నోరు మూస్కో.” పెళ్లయ్యాక అతను ఆమెను అంత గట్టిగా కసిరింది అదే మొదలు. చెన్నవ్వ గిన్నె తీసుకుని లోపలికి పోయింది. తన పెనిమిటి నమ్మకాన్ని తన అవసరానికి వంచబోయానని ఆమెకు తెలిసింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

తెల్లవారి సిరవార గుంపు దిగింది. కాంక్రీటు తెచ్చిన లారీలు గిర్రున డ్రమ్ములు తిప్పుకుంటూ వరుసగా నిలిచాయి. చెన్నవ్వ తన గుంపుతో వచ్చింది గాని ఎవరినీ అడ్డుకోలేదు. వచ్చినవాళ్లు కూడా కూలికి వచ్చినవాళ్లే. బిందెలో తెచ్చిన నీళ్లు వాళ్లకు పోసింది. అంతకు మించి చెయ్యగలిగింది ఆమెకు మిగల్లేదు. జగన్నాథ్ మొదటి లారీని వెనక్కి రమ్మని చెయ్యి ఊపాడు.

అప్పుడు ఊరి వైపు నుంచి డప్పు వినిపించింది.

పెద్దపీరు వస్తున్నాడు. ముందు దట్టీల రెపరెపలు, తరువాత ఎండకు తళుక్కుమన్న పంజా, దాని కింద భీమప్ప. అతని కాళ్లు తూలుతున్నాయి, కళ్లు ఎవరినీ చూడడం లేదు. పీరు చావడి ముందు మూడుసార్లు తిరిగి, ఎవరి వాకిటా ఆగకుండా ఊరు దాటి తిన్నగా బండ్లబాట పట్టాడని వెంట వచ్చినవాళ్లు తరువాత చెప్పారు. లాగింది పీరా, భీమప్పా అన్న ప్రశ్న ఆ ఊళ్లో ఎవరూ అడగలేదు. చెన్నవ్వ అసలే అడగలేదు.

పీరు ఇనుప రేకుల ముందుకు వచ్చి నిలిచాడు. రేకుల అంచు సరిగ్గా మెడ దగ్గర ఉంది. పంజా ఆ అంచుకు పైన, ఇంకా కట్టని ఆకాశంలో ఉంది. డప్పు ఆగింది. సిరవార ఆడవాళ్లు చేతుల్లోవి కింద పెట్టి, చెప్పులు విడిచి, కొంగు నిండుగా కప్పుకున్నారు. వాళ్లలో పెద్దామె జగన్నాథ్ వైపు తిరిగింది.

“మా ఊళ్లె గూడ పీర్లున్నయ్ అయ్యా. ఆయన మెడ మీద సిమెంటు పొయ్యమంటవా? మేం పొయ్యం.”

లారీ డ్రైవరు అప్పటికే ఇంజను ఆపి దిగి దండం పెడుతున్నాడు.

నేత్ర బూట్లు విప్పింది. కాళ్లు కడుక్కుని కొలత టేపు తీసింది. పీరును తాకకుండా, ఒక కొసను చెన్నవ్వకు ఇచ్చి నేల మీద పట్టమంది. ఇంకో కొసను పొడవాటి కమ్మీకి కట్టి పంజా పక్కన నిలిపింది. ఆ ఫోటో తీసి అక్కడి నుంచే పంపింది. ఈసారి ఫోను అవతలి నుంచే వచ్చింది. ఆ రోజుకు పని ఆపమన్నారు. మూడో రోజు పెద్ద ఇంజనీరు వచ్చి చూసి, గోడలు పెంచమని నక్ష మార్చాడు.

మారిన నక్షకు కారణం “స్థానికుల సూచన” అని రాశారు. ఒక ఆడమనిషి తన చేను విత్తనం వెనక్కి పెట్టుకుని, అయినవాళ్ల మాటలు పడి, పెనిమిటి కోపం భరించి నిలిపిన దారిని ఆ రెండు మాటలు మింగేశాయి. వినడం వాళ్ల విధి. వినిపించే భారం మాత్రం మొత్తం ఆమె మీద పడింది. ఆ వారం ఆలస్యమైన పత్తి ఆ ఏడు చెన్నవ్వ చేలో మోకాలు దాటలేదు. ఆమె ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తదు. ఎత్తేది తిరుమలమ్మే, అదీ కనబడిన ప్రతివాడి దగ్గరా.

ఆ పదోరోజు పీరు రేకులు విప్పేసిన రెండు గోడల మధ్య, కప్పు లేని ఆకాశం కింద వాగుకు పోయాడు. మరుసటి ఏడాదికి గోడలు పెరిగి కప్పు పడింది, కప్పు మీద మట్టి, మట్టి మీద రోడ్డు పడ్డాయి. గడ్డి పేర్చిన నిండు బండ్లు కూడా ఇప్పుడు తాకకుండా పోతున్నాయి.

ఆ ఏడు డప్పులతో జనం సొరంగం దాకా వచ్చారు. చెన్నవ్వ కళ్లు పీరు మీద లేవు, కప్పు మీద ఉన్నాయి. పంజా నీడలోకి వెళ్లింది. కప్పుకూ పంజాకూ మధ్య మల్లెదండ పట్టేంత సందు మిగిలింది. ఆమె ఊపిరి వదిలేలోగా, సరిగ్గా నడిమధ్యన పీరు ఆగిపోయాడు. డప్పు ఆగింది. పైన ఏదో భారీ లారీ పోతున్న దడదడ గోడల్లోకి దిగింది.

 చెన్నవ్వ జనాన్ని తోసుకుని దగ్గరికి పోయింది.

“ఏందయ్యా, ఎందుకు ఆగినవ్? తాకిందా?”

భీమప్ప కళ్లు మూసుకునే ఉన్నాడు. ఉపవాసంలో మాట్లాడడు గదా. అయినా మాట్లాడాడు.

“పైన ఎవరు పోతున్నరో వింటున్నడు,” అన్నాడు.

లారీ దాటిపోయింది. పీరు కదిలాడు.