దస్తగిరి మిట్ట మీద టీ

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారిలో, ఊరు కనబడకముందే రోడ్డు ఒక ఎర్రమట్టి మిట్ట ఎక్కుతుంది. లారీల వాళ్లు దానిని దస్తగిరి మిట్ట అంటారు. ఆ దస్తగిరి భార్య మాబున్నీ మిట్ట మీద చిన్న కొట్టంలో టీ అమ్ముతుంది. 1956 వేసవిలో నాపబండల లోడుతో ఎక్కుతుండగా ఆమె భర్త నడిపే లారీ ఇక్కడే ఆగిపోయింది. చక్రం వెనక రాయి పెట్టడానికి ఆయన దిగాడు. బండి వెనక్కి దొర్లి ఆయన మీదికెక్కింది.

తరువాత ఆ లారీ ఓబులేసు చేతికి వచ్చింది. లోడుతో వచ్చిన మొదటిసారే, అదే చోట, ఇంజను రెండుసార్లు దగ్గి నిలిచిపోయింది. మాబున్నీ ఎదురుచూస్తున్నదానిలా ఇవతలికి వచ్చి, బండి మడ్‌గార్డు మీద టీ గ్లాసు పెట్టింది.

"మా ఆయన ఎండనపడి వచ్చినాడు. తాగనీ."

టాంకీ నుంచి డీజిలు లాగే చేతిపంపును ఓబులేసు ఎంత కొట్టినా ఆయిలు రాలేదు. టీ చల్లారాక కొడితే చిమ్మింది. ఆనాటి నుంచి అదే ఆచారమైంది. లోడు బండి మిట్ట మీద ఆగుతుంది, గ్లాసు మడ్‌గార్డెక్కుతుంది, టీ చల్లారితే ఇంజను పలుకుతుంది. తిరిగి తీసేటప్పుడు గ్లాసులో టీ కొంచెం తగ్గి ఉండేదని మాబున్నీ అంటుంది. తగ్గేదని ఓబులేసు కూడా అంటాడు.

రెండేళ్లకు లారీ సొంతదారైన సాహుకారు విసిగి, నంద్యాల నుంచి చెన్నకేశవులు మేస్త్రీని పిలిపించాడు. షెడ్డులో బండికి ఏ రోగమూ కనబడలేదు. ఫిల్టరు మార్చాడు, పంపు విప్పి బిగించాడు. చివరికి లోడుతో తానూ బయలుదేరాడు.

"దయ్యం పట్టిన బండిని పానాతో విప్పుతావా మేస్త్రీ?" అన్నాడు ఓబులేసు.

"దయ్యానిది ఏ సైజు నట్టో సూసి సెప్తాలేప్పా. నువ్వు రోడ్డు సూడు."

మిట్ట మీద బండి దగ్గి ఆగింది. మేస్త్రీ నవ్వు కూడా ఆగింది. పైపు జాయింటు వదులు చేసి చేతిపంపు కొట్టాడు. చుక్క రాలేదు. పైగా పంపు పిడి ఎవరో అవతల పట్టుకున్నట్టు వెనక్కి లాగింది. అప్పటికే గ్లాసు మడ్‌గార్డు మీద ఉంది.

మేస్త్రీ టీ చల్లారేదాకా ఆగలేదు. టాంకీ పైపు ఊడదీసి, ఆయిలు డబ్బాను కాబిను మీద కట్టి, అందులో నుంచి రబ్బరు గొట్టం పంపుకు తగిలించాడు. ఇంజను వెంటనే అందుకుంది. మడ్‌గార్డు అదురుకు పొగలు కక్కుతున్న టీ అంచు దాటి ఒలికింది.

"పంపు మంచిదే. అడ్డమేదో టాంకీలో ఉండాది."

మాబున్నీ ఆయన చెయ్యి పట్టుకుంది. "తియ్యొద్దన్నా. ఆయన రావడం నిలిచిపోతే ఈడ నాకేముండాది?"

"నీ బాధ నాకు తెలుసక్కా. ఆగిన బండి మళ్లీ దొర్లితే?"

ఆమె చెయ్యి వదిలింది.

టాంకీ దించి వంచితే, నల్లబడిన ఆయిలుతో పాటు ఒక గుడ్డముక్క జారి పడింది. మేస్త్రీ కడిగాడు. పచ్చరంగు బయటపడింది, దాని మీద ఒక ముడి. ఆ ముడిని మాబున్నీ వేళ్లు ముందుగా గుర్తుపట్టాయి.

"పీర్ల సావిట్లో నేనేసిన ముడి."

ఆయన పోయే ముందటి ఏడు పీర్లకు కట్టిన గుడ్డలో ముక్క అడిగి తెచ్చి, భర్తకిస్తూ ఆమె అన్న మాట ఒకటే: "బండికి పానం యాడుంటాదో ఆడ పెట్టు." ఆమె మనసులో ఉన్నది స్టీరింగు. డ్రైవరుకు బండి ప్రాణం ఆయిలు. ఆయన దానిని టాంకీ మూతి లోపల దారంతో కట్టాడు. దారం నాని తెగింది. ఎత్తు ఎక్కినప్పుడు ఆయిలు వెనక్కి జారుతుంది, గుడ్డా దానితో పోయి పైపు మూతికి అతుక్కుంటుంది. ఇంజను ఆగి పీల్పు సడలితే మెల్లగా విడిపోతుంది. అందుకు పట్టే సమయమూ టీ చల్లారే సమయమూ ఇంచుమించు ఒకటే.

"ఆ పొద్దు గూడా ఇదేనాన్నా?" అంది మాబున్నీ.

మేస్త్రీ చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఓబులేసు రోడ్డు వైపు తిరిగాడు.

తరువాతి లోడు వచ్చిన మధ్యాహ్నం ఇంజను ఒక్క దగ్గు లేకుండా మిట్టెక్కింది. అయినా కొట్టం దగ్గర ఓబులేసు కాలు అలవాటుగా బ్రేకు మీదికి పోయింది. మాబున్నీ కొంగు విసురుతూ రోడ్డు మీదికి ఉరికింది.

"ఆపొద్దు! ఈడ ఆపొద్దు, పో!"

లారీ సాగిపోయింది. ఆమె కాచిన టీ రోడ్డు వారన రాయి మీద ఉంది.

ఈ సంగతులు ముగ్గురూ నాకు విడివిడిగా చెప్పారు. ఒక్క చోట తప్ప వారి మాటలు కలిశాయి. గ్లాసులో టీ తగ్గేదా అంటే, అదురుకు ఒలికి ఉంటుందని మేస్త్రీ అన్నాడు. ఆ వేళల్లో ఇంజను నడవడం లేదు కదా అంటే, పానా తీసుకుని పనిలో పడ్డాడు.

మాబున్నీ ఇప్పటికీ లోడు బండి శబ్దం వినబడితే రాయి మీద టీ పెడుతుంది. లారీ దాటిపోయేదాకా రోడ్డు మీద నిలబడి కొంగు విసురుతుంది. టీ చల్లారాక గ్లాసు తీసుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, అందులోకి చూడకుండా మట్టిలో పోస్తుంది.