మా ఇంట్లో దొంగ మనవరాలు
విరుదునగర్‌లో కొన్న నవల కథను మా అమ్మాయి ఈ సాయంత్రం వాళ్ల అవ్వకు చెప్పింది. పదహారేళ్ల కుర్రాడొకడు, తప్పిపోయిన మీ కొడుకును నేనేనంటూ ఒక ఇంట్లో చేరిపోతాడు. పుస్తకం అయిపోవచ్చేదాకా ఎవరూ కనిపెట్టరు.

విళాత్తికుళం మిరపకాయల తొడిమలు తీస్తున్న మా అత్త విసుక్కుంది. "వాణ్ని ఎవురూ ఇంటిపేరు అడగలేదా? మనింట్లో అయితే వాకిట్లోనే దొరికిపోవును."

అమ్మాయి నవ్వింది.

"నగింది చాలు. నీ ఇంటిపేరేమి, చెప్పు."

"ఇనిషియల్ ఆర్, అవ్వా. నాన్న పేరులో మొదటి అక్షరం. ఇక్కడ స్కూల్లో అంతే, ఇంటిపేరు రాయరు."

అత్త నావైపు తిరిగింది. "ఏమే, ఇన్ని దినాలు ఎవురి బిడ్డకు కూడు పెడతా ఉండాము?"

తర్వాతి ప్రశ్న నాకేనని తెలిసి, కాఫీ పెడతానంటూ లోపలికి జారుకున్నాను. కోవిల్‌పట్టి అంగట్లో ఉన్న మా ఆయనకు ఫోన్ చేసి, మన ఇంటిపేరేమిటని గుసగుసగా అడిగాను.

"అమ్మనడుగు" అన్నాడు.

మీరైనా ఎవరినీ అడక్కుండా మీది చెప్పగలరా?